వాక్యాన్ని ముక్కలు చేసి చదివితే



డిసెంబరు 31 రాత్రి మన తెలుగు సంఘాల్లో జరిగే ఆరాధన మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. పన్నెండు కొట్టగానే పాస్టరుగారు కొత్త సంవత్సరపు ప్రార్థన చేస్తారు. అందరూ ఒకరికొకరు వందనాలు చెప్పుకుంటారు. ఆ తర్వాత ఒక పళ్లెం తిరుగుతుంది. దాని నిండా చిన్న చిన్న కార్డులు, లేకపోతే మడిచిన చీటీలు. కళ్లు మూసుకుని ఒక్కొక్కరూ ఒక్కటి తీస్తారు. ఈ ఏడాదికి దేవుడు నాకిచ్చిన వాగ్దానం ఇదీ అని దాన్ని బైబిల్లో పెట్టుకుంటారు, కొందరైతే పటం కట్టించి గోడకు తగిలిస్తారు.

ఆ చీటీల మీద నాకు కోపమేమీ లేదు. ఏడాది పొడుగునా కష్టాలు పడ్డ మనిషికి ఆ రాత్రి ఒక మంచిమాట చేతిలో పడితే కలిగే ధైర్యం చిన్నదేం కాదు. కాని ఒక్క సంగతి గమనించారా? ఆమోసు ప్రవక్త గ్రంథంలో, జత చెప్పుల కోసం బీదవాణ్ణి అమ్మేసిన వాళ్ల మీద దేవుడు మండిపడతాడు. ఆ వచనం ఎవరి చీటీలోనైనా వచ్చిందా? రాదు. ఎందుకంటే చీటీలు రాసేటప్పుడే మనం వాక్యాన్ని ఏరేశాం. మనకు నచ్చినవి పళ్లెంలోకి వచ్చాయి, మిగతావి పుస్తకంలోనే ఉండిపోయాయి.

దైవశాస్త్రం అనగానే చాలామంది విశ్వాసులు కాస్త వెనక్కి జరుగుతారు. అది వేదాంత కళాశాలలో చదువుకునే వాళ్ల వ్యవహారం, మాకు యేసు చాలు అంటారు. ఆ మాటలో భక్తి ఉంది, కాదనను. అయితే ఏ యేసు, దేనికి చాలు అని అడిగితే మీరు చెప్పే జవాబే మీ దైవశాస్త్రం. చీటీ తీయడం వెనక కూడా ఒక దైవశాస్త్రం ఉంది. దేవుడు నాతో విడివిడి వాక్యాల్లో మాట్లాడతాడనీ, అవి ఎప్పుడూ నా మేలు గురించే ఉంటాయనీ అది నమ్ముతుంది. దైవశాస్త్రం లేని విశ్వాసి ఎవరూ లేరు. తన దగ్గర ఉన్నది ఏదో చూసుకోని విశ్వాసులే ఎక్కువ.

ఈ పూట నేను చెప్పదలుచుకున్నది ఒకటే. వాక్యాన్ని ముక్కలుగా చదివేవాళ్లు బతుకును కూడా ముక్కలుగానే బతుకుతారు. ఆదివారం ఒక ముక్క, సోమవారం ఇంకో ముక్క. నోటి మీద ఒక ముక్క, పంక్తిలో ఇంకో ముక్క. ఈ రెండూ వేరువేరు తప్పులని అనుకుంటాం గాని, తరచి చూస్తే ఒకటే.

మన వాగ్దానపు కార్డుల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే వచనం యిర్మీయా 29వ అధ్యాయం, 11వ వచనం. దేవుడు మన గురించి చేసే ఆలోచనలు సమాధానకరమైనవనీ, మనకు నిరీక్షణ ఉందనీ చెప్పే వచనం. ఉద్యోగం కోసం ఎదురుచూసే కుర్రాడికీ, వీసా కోసం తిరిగే ఇంజినీరుకీ, పెళ్లి కుదరని అమ్మాయికీ అదే వాగ్దానం. ఇప్పుడు కాస్త వెనక్కి వెళ్దాం. 29వ అధ్యాయం ఒక ఉత్తరం. క్రీస్తు పూర్వం 597లో నెబుకద్నెజరు యెరూషలేము నుంచి రాజునూ, పెద్దలనూ, పనివాళ్లనూ బబులోనుకు చెరపట్టుకుపోయాడు. అలా పోయినవాళ్లకు యిర్మీయా యెరూషలేము నుంచి రాసి పంపిన ఉత్తరం అది.

అందులో ఏముంది? ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మిమ్మల్ని చెరపట్టిన ఆ పట్టణం క్షేమం కోసమే ప్రార్థన చేయండి అని ఉంది. డెబ్బై ఏళ్లు గడిచాకే తిరుగు ప్రయాణం అని కూడా ఉంది. డెబ్బై ఏళ్లండీ! ఆ ఉత్తరం చదవగా విన్న ముప్ఫై ఏళ్ల మనిషి నూరేళ్లు బతికితే తప్ప సొంత ఊరు చూడడు. అంటే అక్కడ కూర్చుని విన్నవాళ్లలో చాలామందికి, నిరీక్షణ ఉంది గాని అది మీ కళ్లతో మీరు చూడరు, మీ మనవలు చూస్తారు అని చెప్పినట్టే.

ఇంకాస్త వెనక్కి, 28వ అధ్యాయానికి వెళ్తే అసలు సంగతి బయటపడుతుంది. అక్కడ హనన్యా అనే ప్రవక్త ఉన్నాడు. రెండేళ్లలో అంతా సర్దుకుంటుంది, దేవాలయపు పాత్రలు తిరిగొస్తాయి, చెరపోయినవాళ్లు తిరిగొస్తారు అని దేవుని పేరుతో గట్టిగా ప్రకటించాడు. బబులోనుకు లోబడాలనడానికి గుర్తుగా యిర్మీయా మెడ మీద వేసుకున్న కొయ్యకాడిని తీసి జనం ముందే విరిచేశాడు. జనానికి అంతకంటే ఏం కావాలి? ఆ హనన్యా మాట అబద్ధమని యిర్మీయా చెప్పాడు. ఆ ఏడే హనన్యా చనిపోయాడు. త్వరలోనే అంతా బాగైపోతుందనే మాటకు విరుగుడుగా నడిచిన ఆ ఉత్తరంలోంచి ఒక్క వచనం కత్తిరించి, ఈ ఏడాదిలోనే అంతా బాగైపోతుందని చెప్పడానికి మనం వాడుకుంటున్నాం. యిర్మీయా ఉత్తరాన్ని హనన్యా చేతిలో పెట్టామన్నమాట.

ఆ వచనం మనకు చెందదని నేననడం లేదు. చెందుతుంది. ఉత్తరం మొత్తంతో కలిసి చెందుతుంది. అలా చదివితే వీసా రాని ఏడాది కూడా ఆ వచనం అబద్ధం కాదు. పరాయి ఊళ్లో అద్దె ఇంట్లో ఉంటూ, తనను చిన్నచూపు చూసే వీధి బాగు కోసం ప్రార్థించే మనిషికి అది మరింత లోతుగా చెందుతుంది.

వాక్యాన్ని కత్తిరించడంలో అందరికంటే పాత నేర్పరి ఎవరో మత్తయి సువార్త 4వ అధ్యాయంలో ఉంది. దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, కిందికి దూకమని యేసుతో చెప్పినప్పుడు సాతాను తన సొంత మాట ఏదీ చెప్పలేదు. 91వ కీర్తన చెప్పాడు. దేవదూతలు నిన్ను చేతుల మీద ఎత్తుకుంటారన్న దగ్గర ఆపేశాడు. ఆ కీర్తనలో దాని తర్వాతి వచనం ఏమిటో ఇంటికి వెళ్లాక చూడండి. సర్పాన్ని కాళ్లకింద తొక్కడం గురించి ఉంటుంది. అక్కడిదాకా చదవడం ఆయనకు ఇష్టం లేకపోయిందని నా అనుమానం.

యేసు దానికి ద్వితీయోపదేశకాండంలోని మాటతో జవాబిచ్చాడు. ఇశ్రాయేలీయులు అరణ్యంలో నీళ్ల కోసం దేవుణ్ణి పరీక్షించిన మస్సా సంగతిని గుర్తుచేసే మాట అది. ఆయనకు కథంతా తెలుసు కనక, ఏ మాట ఎక్కడిదో తెలుసు.

మనం ఇలా వచనాలు వచనాలుగా చదవడానికి ఒక కారణం పుస్తకం అచ్చులోనే ఉంది. పౌలు ఫిలిప్పీయులకు రాసినప్పుడు అందులో అధ్యాయాలూ లేవు, వచనాల అంకెలూ లేవు. ఇప్పుడు మనం వాడే కొత్త నిబంధన వచన సంఖ్యలు రొబేర్ ఎస్తియెన్ అనే ఫ్రెంచి ముద్రాపకుడు 1551లో వేసినవి. అంటే దాదాపు పదిహేను వందల ఏళ్లు క్రైస్తవులు ఆ అంకెలు లేకుండానే చదివారు. వెతుక్కోవడానికి అవి ఎంతో వీలు, సందేహం లేదు. కాని ప్రతి అంకె దగ్గరా ఒక మాట ముగిసిపోయిందన్న భ్రమ కూడా వాటితోనే వచ్చింది. పరీక్ష రోజున పిల్లలు అట్ట మీద రాసుకునే ఫిలిప్పీ 4:13 చూడండి. అన్నీ చేయగలననే ఆ మాటకు ముందు వచనంలో పౌలు చెప్పేది ఆకలి గురించి, లేమి గురించి. సంకెళ్లలో ఉన్న మనిషి, కడుపు నిండినా ఎండినా నిలబడగలను అంటున్నాడు. మొదటి ర్యాంకు సంగతి ఆయన మనసులో ఉన్నట్టు లేదు.

ఆ పత్రిక మొత్తం నాలుగు అధ్యాయాలు, 104 వచనాలు. బిగ్గరగా చదివినా అరగంటకు మించదు. మొదటి శతాబ్దపు సంఘాలు ఉత్తరాలను అలాగే విన్నాయి. ఒకరు నిలబడి చదివితే మిగతావాళ్లంతా చెవులతో విన్నారు, మీరిప్పుడు రేడియో వింటున్నట్టే. పుస్తకం ఎవరి చేతుల్లోనూ లేదు. ఎక్కడో మధ్యలో ఒక వాక్యం దగ్గర ఆగి గీత గీసుకునే వీలూ లేదు.

మాట సరైనదే అయినా, చెప్పిన చోటు తప్పైతే ఏమవుతుందో యోబు గ్రంథం చెబుతుంది. ఎలీఫజు, బిల్దదు, జోఫరు ముగ్గురూ దైవశాస్త్రం తెలిసినవాళ్లే. స్నేహితుణ్ణి చూసి, ఏడు పగళ్లూ ఏడు రాత్రులూ నోరెత్తకుండా అతని పక్కన నేల మీద కూర్చున్నారు. అక్కడితో లేచిపోయి ఉంటే వాళ్లంత మంచి ఓదార్పు ఇంకొకటి లేదు. నోరు విప్పారు. దేవుడు న్యాయవంతుడు, పాపానికి ఫలితం ఉంటుంది, కనక నువ్వేదో చేశావు అన్నారు. గ్రంథం చివర దేవుడు వాళ్ల మీదే కోపగించాడు. మనవాళ్లు ఆసుపత్రికి పరామర్శకు వెళ్లి రోగి మంచం పక్కన ఏం మాట్లాడతారో విన్నాను. ఏదో ఒప్పుకోని పాపం ఉండి ఉంటుంది అంటారు. విశ్వాసం చాలలేదు అంటారు. కీమోథెరపీ సూది చేతికి ఉండగానే! సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయిన సంగతి వచ్చినప్పుడు, వాళ్లు మిగతావాళ్లకంటే పాపులా అని యేసే ఎదురు ప్రశ్న వేసి, కాదని తానే చెప్పాడు. లూకా 13వ అధ్యాయం. ఆ అధ్యాయం ఎందుకో పరామర్శ సంచుల్లో ఉండదు.

ఇప్పుడు రెండో వైపు. చదువు తక్కువై పుట్టే తప్పులు కొన్నయితే, చదువు ఎక్కువై పుట్టే తప్పులూ ఉన్నాయి. ఈమధ్య ఫోన్లలో వాదాల వీడియోలు ఎక్కువయ్యాయి. బాప్తిస్మం చిలకరించాలా, ముంచాలా. విశ్రాంతి దినం శనివారమా, ఆదివారమా. త్రిత్వం గురించి ఎవరు ఎవరిని ఎంత చిత్తుగా ఓడించారు. ఆ ప్రశ్నలు చిన్నవని కాదు. కాని ఆ వీడియో కింద ఒక సహోదరుడు ఇంకో సహోదరుణ్ణి తిట్టే తిట్లు చూస్తే, వీళ్లు నిరూపించుకుంటున్న త్రిత్వంలో ప్రేమ ఎక్కడుందా అనిపిస్తుంది.

చదువుకు ఎంత ఎత్తు ఉండవచ్చో, ఆ ఎత్తు నుంచి పాతాళానికి ఎలా జారవచ్చో చెప్పడానికి జర్మనీ నుంచి ఒక సంగతి చెబుతాను. గెర్హార్డ్ కిట్టెల్ ట్యూబింగెన్ విశ్వవిద్యాలయంలో కొత్త నిబంధన ఆచార్యుడు. కొత్త నిబంధనలోని గ్రీకు మాటలకు ఆయన సంపాదకత్వంలో మొదలైన మహా నిఘంటువు నేటికీ ప్రపంచమంతటా వేదాంత కళాశాలల అల్మారాల్లో ఉంది. దాని మొదటి సంపుటం 1933లో వచ్చింది. అదే ఏడు ఆయన నాజీ పార్టీలో చేరాడు. యూదులను సమాజం నుంచి వేరుచేయాలని ఉపన్యాసం ఇచ్చి పుస్తకంగా వేశాడు. ప్రేమ, కృప, పొరుగువాడు అనే మాటలను అంత నిశితంగా ఎరిగిన మనిషికి పక్కింటి యూదుడు పొరుగువాడుగా కనిపించలేదు. అదే దేశంలో, అదే 1933లో, డీట్రిక్ బోన్‌హోఫర్ అనే 27 ఏళ్ల పాస్టరు యూదుల పక్షాన సంఘం ఏం చేయాలో రాశాడు. 1945 ఏప్రిల్ 9న ఫ్లొస్సెన్‌బుర్గ్ శిబిరంలో ఆయన్ని ఉరి తీశారు. ఇద్దరూ చదివింది ఒకే బైబిలు. బోన్‌హోఫర్ కూడా తక్కువ చదువరి కాడు, 21 ఏళ్లకే డాక్టరేటు సంపాదించినవాడు. కాబట్టి చదువు మీద నేరం మోపి చేతులు దులుపుకోలేం. ఒకరు గ్రంథాన్ని చదివి పక్కన పెట్టారు. ఇంకొకరు ఆ గ్రంథం తనను ప్రశ్నించనిచ్చారు.

అంత దూరం పోనక్కర్లేదనుకుంటే అంతియొకయకు వెళ్దాం. గలతీ పత్రిక 2వ అధ్యాయం. పేతురు అక్కడ అన్యజనులైన విశ్వాసులతో కలిసి భోంచేస్తూ ఉండేవాడు. యెరూషలేము నుంచి యాకోబు దగ్గరివాళ్లు కొందరు వచ్చేసరికి మెల్లగా పంక్తిలోంచి జరిగాడు. ఆయన్ని చూసి మిగతా యూదులూ జరిగారు, మంచివాడైన బర్నబా కూడా జరిగాడు. పేతురు సిద్ధాంతంలో తప్పు లేదు. అన్యజనులకూ రక్షణ ఉందని కొర్నేలీ ఇంట్లో మొదట గ్రహించినవాడు ఆయనే. ఆ రోజు ఎవరైనా పరీక్ష పెడితే నూటికి నూరు మార్కులు వచ్చేవి. తప్పు విస్తరి దగ్గర జరిగింది. పౌలు దాన్ని మర్యాద లోపంగా చూడలేదు, అందరి ముందూ నిలదీశాడు. సువార్త సత్యం ప్రకారం నడవకపోవడంగా దాన్ని లెక్కవేశాడు. ఎవరితో కూర్చుని తింటున్నావన్నది కూడా దైవశాస్త్రమే అని అక్కడ తేలింది.

ఈ విస్తరి సంగతి తెలుగు క్రైస్తవులకు కొత్తగా చెప్పాలా? మన సంఘాల్లో ఎక్కువమంది పూర్వీకులు మాల మాదిగ పల్లెల నుంచి వచ్చినవాళ్లు. ఊరి బావి దగ్గర నిలబడనివ్వని రోజుల్లో ఒకే గిన్నెలోంచి తాగే బల్ల ఉందని విని వచ్చారు. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో, గుండ్లకమ్మ ఒడ్డున, ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. దానికి ముందు భయంకరమైన కరువు. మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. అయితే ఆ కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. అన్నం కోసం చేరారన్న మాట వాళ్ల మీద పడకూడదని, చేరేవాళ్లు తమ మనసు తాము తెలుసుకుని రావాలని. ఆకలితో ఉన్న మనిషికి కూలి ఇవ్వాలి, దానికి బదులుగా మతాన్ని అడగకూడదు అన్న ఆ నిర్ణయంలో ఎంత దైవశాస్త్రం ఉందో చూడండి. ఒక్క పుస్తకమూ తెరవకుండా అందరికీ అర్థమైంది.

బిషప్ వి.ఎస్. అజరయ్య తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు. తెలుగు నేర్చుకుని, నిజాం రాజ్యంలోని డోర్నకల్లులో స్థిరపడ్డారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు అయ్యారు. అంతకు రెండేళ్ల ముందు ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ సభలో, అంతమంది దొరల ఎదుట, మిషనరీల త్యాగాన్ని నిండుగా మెచ్చుకుంటూనే, మాకు కావలసింది మీ స్నేహం అని చెప్పి కూర్చున్నారు. సభ ఉలిక్కిపడింది. దూరంగా ఉండి చేసే మేలుకూ, పక్కన కూర్చునే స్నేహానికీ మధ్య తేడా ఆయనకు తెలుసు.

డోర్నకల్లులో ఆయనకు దొరికిన విశ్వాసుల్లో ఎక్కువమంది అక్షరం రాని వ్యవసాయ కూలీలు. వాళ్లకు దైవశాస్త్రం ఎందుకని ఆయన అనుకోలేదు. విశ్వాస ప్రమాణం, పరలోక ప్రార్థన, పది ఆజ్ఞలు, యేసు కథలు నోటికి నేర్పించారు, పాటల్లో నేర్పించారు. బాప్తిస్మం పొందినవాళ్లతో తమ చెయ్యి తమ తల మీదే పెట్టుకుని, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అనే అర్థం వచ్చేలా పలికించేవారట. ఏ కళాశాలకూ వెళ్లని మనిషి తన నెత్తి మీద తన చెయ్యి పెట్టుకుని చదివిన పాఠం అది. మాల మాదిగల మధ్య ఉన్న దూరం గుడి లోపలికి కూడా వస్తే, దాన్ని ఆయన ఊరి ఆచారమని వదిలేయలేదు.

మరి నేడు? ఒకే ఊళ్లో, ఒకే మిషను పేరు మీద రెండు గుళ్లు ఎందుకున్నాయో చాలా ఊళ్లలో అడగనక్కర్లేదు, అందరికీ తెలుసు. క్రైస్తవ వివాహ ప్రకటనల్లో మారుమనస్సు పొందిన వధువు కావలెను అని రాసి, దాని పక్కనే కులం కూడా రాస్తారు. కొన్నిచోట్ల స్మశానంలో కూడా హద్దులున్నాయి. పునరుత్థానం నమ్ముతాం గాని, లేచేటప్పుడు కూడా ఎవరి వరుసలో వాళ్లం లేస్తామన్నట్టు.

ఇక్కడే ముక్కలుగా చదవడం, ముక్కలుగా బతకడం కలిసిపోయే చోటు ఒకటుంది. అది ప్రభు బల్ల. బల్లారాధన రోజున చదివేది 1 కొరింథీ 11వ అధ్యాయం. చాలా సంఘాల్లో 23వ వచనం దగ్గర మొదలుపెడతారు. ప్రభువు రొట్టె ఎత్తుకున్న రాత్రి సంగతి, ఆ తర్వాత అయోగ్యంగా తీసుకుంటే శిక్ష అనే హెచ్చరిక. అది విని విశ్వాసులు భయపడతారు. ఈ వారం ఇంట్లో పోట్లాడానే, అబద్ధమాడానే అని లెక్కలు వేసుకుని కొందరు బల్లకు లేవరు. ఏళ్ల తరబడి వెనక బెంచీలోనే కూర్చుండిపోయిన తల్లులున్నారు.

ఆ అధ్యాయంలో పౌలు కోపానికి కారణం అంతకు ముందే ఉంది. కొరింథు సంఘంలో బల్ల అంటే నిజంగా భోజనమే. కలిగినవాళ్లు తాము తెచ్చుకున్నది ముందే తినేస్తున్నారు. లేనివాళ్లు ఆకలితో ఉండిపోతున్నారు. ఒకడు తాగి తూలుతుంటే ఇంకొకడు ఖాళీ కడుపుతో చూస్తున్నాడు. లేనివాళ్లను సిగ్గుపరుస్తారా అని పౌలు అడిగింది దీన్ని గురించి. అధ్యాయం చివర, 33వ వచనంలో, ఆయన చెప్పిన పరిష్కారం కూడా చాలా సాదాగా ఉంటుంది: ఒకరి కోసం ఒకరు ఆగండి అని. మధ్య ముక్క మాత్రం చదవడంతో ఏమైంది? పక్కవాణ్ణి చిన్నచూపు చూసినవాళ్ల మీద వేసిన హెచ్చరిక, చిన్నచూపుకు గురైన తల్లి మీద పడింది. ఎవరికి తగలాలో వాళ్లు నిశ్చింతగా లేచి బల్లకు వెళ్తున్నారు.

అందుకని పాస్టరుగార్లకూ, సంఘపెద్దలకూ, విశ్వాసులకూ నా మనవి. ఈసారి బల్ల దగ్గర ఆ అధ్యాయాన్ని 17వ వచనం నుంచి చివరిదాకా చదవండి. ఐదు నిమిషాలు కూడా పట్టదు. చదివాక మీ గుడిలో ఎవరు ఎక్కడ కూర్చున్నారో, ఎవరు బల్లకు లేవలేదో ఒకసారి చూడండి. లేవనివాళ్ల దగ్గరికి వెళ్లి పిలుచుకురండి.